ముప్పై ఒకటో నంబరు బిళ్ళ

మా తాతబాబు రాయపూర్‌లో ఎందుకు ఓడిపోయాడో ఆ రోజు స్టేడియంలో ఇద్దరికే తెలుసు. ఒకడు వాడు. రెండోవాణ్ణి నేను. ఆ సంగతి తండ్రీ కొడుకులం ఒకరితో ఒకరం చెప్పుకోవడానికి సగం వానాకాలం పట్టింది. ఆ వానాకాలమంతా రోజూ మధ్యాహ్నం మూడు గంటలకి నేను చచ్చి బతికాను.

నా పేరు పైడయ్య. కిరందుల్ కొండ మీద ఇనుపరాయి గనిలో, బ్లాస్టింగు సెక్షన్‌లో హూటర్ ఇచ్చేది నేనే. ఇరవై రెండేళ్ళుగా అదే పని. రాయి పేల్చే ముందు మొదటి హూటర్ ఇస్తాను, చేతిలో పని వదిలేసి షెల్టర్‌కి రమ్మని. అందరూ వచ్చాక రెండోది, పేలుస్తున్నామని. పేలాక మూడోది, ఇక పోయి పని చూసుకోమని. మా ఆవిడ గురమ్మ దీన్ని బటన్ నొక్కుడు ఉద్యోగం అంటుంది. అననీ. ఆ కొండ మీద పనిచేసేవాళ్ళు నా కూత వింటేనే సాయంత్రం ఇంటికి పోతారు. ఆమె మొగుడూ, ఆమె కొడుకూ అందులోనే ఉన్నారు.

తాతబాబుకి ఇరవై నాలుగేళ్ళు. అదే కొండ మీద కాంట్రాక్టరు కింద ఫిట్టరు. ఆరేళ్ళ సర్వీసు. మిగతా వేళంతా కమ్యూనిటీ హాల్లో మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్. గుద్దొచ్చు, తన్నొచ్చు, పడేసి మెడ పట్టొచ్చు అని వాడు మొదట్లో ఇంట్లో వివరించినప్పుడు, "మరి ఏటి సెయ్యకూడదురా?" అని గురమ్మ అడిగింది. "కొరక్కూడదమ్మా" అన్నాడు. ఆమె ఆ రోజంతా నాతో మాట్లాడలేదు, వాణ్ణి నేనే చెడగొట్టానని.

వాడికి చిన్నప్పటి నుంచీ ఒక అలవాటు ఉంది. మా కాలనీలో షిఫ్టు హూటర్ మోగితే చాలు, చేతిలో ఏముంటే అది కింద పెట్టేసేవాడు. గ్లాసైనా, పలకైనా. కొండ మీద పనిలో చేరాక అది ఇంకా ముదిరింది. గురమ్మ నవ్వేది, పెళ్ళిలో తాళి కట్టేటప్పుడు హూటర్ మోగితే వీడు తాళి కూడా వదిలేస్తాడని.

రాయపూర్ పోటీ మే నెలాఖరులో జరిగింది. గెలిస్తే జాతీయ క్యాంపుకి ఎంపిక. ఇనుప జాలీ కట్టిన పెద్ద బోను, మూడేసి నిమిషాల రౌండ్లు మూడు. మొదటి రౌండు మావాడిదే. ఎదుటివాడు భిలాయ్ కుర్రాడు, మంచి పొడగరి, కానీ అప్పటికే నోటితో ఊపిరి తీస్తున్నాడు. రెండో రౌండులోనూ మావాడే ముందున్నాడు. నేను నాలుగో వరుసలో పెద్దమనిషిలాగే కూర్చున్నాను. రౌండు ముగియడానికి ఇంకా పది సెకన్లు ఉందనగా హెచ్చరిక ఇస్తారు. మామూలుగా రెండు కర్రముక్కలు కలిపి కొడతారట, మొదటి రౌండులో అలాగే కొట్టారు. ఈసారి మాత్రం హూటర్ వేశారు.

అచ్చు నా హూటరే. ఆ కూతకి నా బొటనవేలు కూడా ఒళ్ళో కదిలింది.

తల ఎత్తి చూసేసరికి మావాడి చేతులు రెండూ తొడల పక్కకి దిగిపోయి ఉన్నాయి. పానా కింద పెట్టేసి నిలబడ్డ ఫిట్టరు ఎలా ఉంటాడో అలాగ. అర సెకను, అంతకంటే ఉండదు. భిలాయ్ కుర్రాడి కుడిచెయ్యి దవడ మీద పడింది. మావాడు పక్కకి ఒరిగి పడిపోయాడు. డాక్టరు లోపలికి పరిగెత్తి కళ్ళలోకి టార్చి వేస్తుంటే, నేను నాలుగో వరుసలోనే ఉండిపోయాను.

స్కానింగులో ఏమీ లేదన్నారు. నలభై ఐదు రోజుల వరకు తలకి దెబ్బ తగలకూడదు, వారం తర్వాత పనిలోకి పోవచ్చు అన్నారు. కిరందుల్ తిరిగొచ్చాక మా క్వార్టరుకి జనం పరామర్శకి వచ్చారు, ఎవరో పోయిన ఇంటికి వచ్చినట్టు. వరండాలో చెప్పులు విప్పి, గొంతు తగ్గించి, "ఎలాగున్నాడు?" అని అడిగి, టీ తాగి వెళ్ళేవారు. వాడికి నేర్పిన చిన్నారావు, పగలు స్టోర్సులో గుమస్తా, పోటీకి ముందు బరువు తగ్గించడంలో తేడా వచ్చిందన్నాడు. గురమ్మ దిష్టి అంది. నేనేమనాలి, నా హూటరే నా కొడుకుని పడేసిందనా?

వాడు మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఫోనులో ఆ వీడియో చూసేవాడు. మొత్తం కాదు. హూటర్ మోగే ఆ రెండు సెకన్లే. మోగుతుంది, ఆపుతాడు, వెనక్కి జరుపుతాడు, మళ్ళీ మోగుతుంది. వంటింట్లో గురమ్మ చెవులు మూసుకునేది.

"ఆ పాపిష్టి కూత ఆపమని సెప్పయ్యా నీ కొడుక్కి. నా గుండెల్లో మోగుతన్నాది."

చెప్పలేదు. చెప్పాల్సింది.

జూన్ మూడో వారంలో వానలు పట్టుకున్నాయి. కొండ మీద మబ్బు దిగితే పది అడుగుల అవతల మనిషి కనబడడు. ఎర్ర జెండా పట్టుకున్నవాడు కనబడడు, జెండా అసలే కనబడదు. ఆ రోజుల్లో కొండకి చెవులే కళ్ళు. అలాంటి రోజుల్లో ఒక ఆదివారం, ఇద్దరం ఇంట్లో అన్నం తింటున్నాం. రెండింటి షిఫ్టు హూటర్ మోగింది. నేను అలవాటుగా వాడి చేతికేసి చూశాను, ముద్ద కంచంలో పడుతుందని. పడలేదు. వాడు ముద్ద నోట్లో పెట్టుకుని, నెమ్మదిగా నమిలి, ఇంకో ముద్ద కలుపుకున్నాడు. మొహంలో ఎన్నాళ్ళకో చిన్న నవ్వు.

"హూటర్ వినబళ్ళేదేట్రా?"

"వినబడింది."

"మరి?"

"వినబడితే ఏటి సెయ్యాల నాన్నా? అన్నం తింతన్నాను కద."

గురమ్మ సంబరపడిపోయింది, కొడుకు మళ్ళీ కడుపునిండా తింటున్నాడని. నేను మాత్రం కంచం పక్కకి జరిపాను.

మర్నాడు సాయంత్రం కమ్యూనిటీ హాలుకి పోయి కిటికీలోంచి చూశాను. చిన్నారావు ఫోనుని స్పీకరుకి తగిలించాడు. హూటర్ మోగినప్పుడల్లా మావాడు వేలాడే సంచీని ఇంకా గట్టిగా గుద్దుతున్నాడు. మోగడం, గుద్దడం. నన్ను చూసి చిన్నారావు బయటికి వచ్చాడు, చెమట తుడుచుకుంటూ.

"హూటర్ మోగితే మనసు చెదురుతున్నాదట పైడయ్యన్నా. అలవాటు తప్పించాలన్నాడు. ఇవాళ ఇరవైసార్లు వేశాను, ఒక్కసారీ చెయ్యి దిగలేదు. దసరాకి విశాఖపట్నంలో పోటీ ఉంది. ఈసారి చూస్కో."

మంచి మనిషి చిన్నారావు. స్టోర్సులో కూర్చుంటాడు, కొండ మీదికి రాడు. మావాడికి ఏ అలవాటు తప్పిస్తున్నాడో ఆయనకి తెలీదు. ఇంటికి నడుస్తుంటే నాకు భయమేసింది. నా కొడుకు రోజుకి రెండు గంటలు పనిగట్టుకుని, వాడి ప్రాణాన్ని కాపాడే ఒక్క అలవాటుని తుడిచేసుకుంటున్నాడు.

ఆ పూట వాణ్ణి ఆపి అన్నాను. "ఒరే, హూటర్‌తో ఆటలొద్దురా."

"ఆటేటి నాన్నా? అక్కడ సేతులు దిగితే..." అని ఆగిపోయాడు. నా మొహంలోకి ఒక్కసారి చూసి చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

కొండ మీద దిగకపోతే? అని నేను అడగాలి. అడగలేదు. అడిగితే, రాయపూర్‌లో నేను చూశానని వాడికి తెలిసిపోతుంది. పోనీ మా ఇన్‌ఛార్జి చక్రధరరావు గారికి చెబుదామా అంటే, వాడి గేట్‌పాస్ పోతుంది. ఓడిపోయి వచ్చినవాడి చేతిలో ఉన్న పని కూడా తండ్రే తీయించాడంటారు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ నెల గడిపాను. నాలాంటి పిరికిగొడ్డుని ఏమనాలో నాకే తెలీదు.

మా కొండ మీద ఒక పద్ధతి ఉంది. పేల్చే చోటికి దగ్గరగా పనికి పోయేవాడు తన నంబరున్న ఇత్తడి బిళ్ళని షెల్టర్‌లో బోర్డు మేకుకి తగిలించి పోవాలి. హూటర్ విని వచ్చాక తన బిళ్ళ తనే తీసుకోవాలి. ఎంత స్నేహితుడిదైనా ఒకరి బిళ్ళ ఒకరు తీయకూడదు. మేకులన్నీ ఖాళీ అయితేనే నేను రెండో హూటర్ ఇస్తాను. తాతబాబుది ముప్పై ఒకటి.

జూలై అంతా ఆ మేకునే చూశాను. ఇదివరకు మొదటి ఐదుగురిలో వచ్చేవాడు. ఇప్పుడు ఆఖరి ఐదుగురిలో. తర్వాత ఆఖరువాడు. ఒకరోజు రెండు నిమిషాలు ఆలస్యం, ఇంకోరోజు మూడు. ఎర్ర జెండా కాపలా ఉండే సోమారు కూడా కనిపెట్టాడు. సోమారు ఇక్కడి మనిషి, నాతో హిందీలోనే మాట్లాడతాడు. "దాదా, తేరా లడకా ధీరే చల్తా హై ఆజ్‌కల్" అన్నాడు. ఈమధ్య నెమ్మదిగా నడుస్తున్నాడట. కాలు నొప్పి అని అబద్ధమాడాను.

శ్రావణం వచ్చిన మొదటి వారం. కొండని మెట్లుగా తొలిచిన చోట, కింది బెంచిలో తవ్వే యంత్రం ఒకటి చెడితే ఫిట్టర్లు నలుగురు దిగారు. రాతిలో తొలిచిన బోరుల్లో పేలుడు మందు నింపేటప్పటికి ఆకాశం బాగానే ఉంది. నింపాక మబ్బు దిగింది. పడమట ఉరుములు మొదలయ్యాయి. మందు నింపిన చోట పిడుగు భయం, ఎక్కువసేపు వదలకూడదు. మూడింటికి మొదటి హూటర్ ఇచ్చాను.

ఒక్కొక్కరే మబ్బులోంచి ఊడిపడ్డట్టు వస్తున్నారు, బిళ్ళలు తీసుకుంటున్నారు. ముగ్గురు ఫిట్టర్లు వచ్చారు. నాలుగోవాడు వెనకే వస్తున్నాడనుకున్నారు. ఐదు నిమిషాలకి బోర్డు మీద ఒకే బిళ్ళ మిగిలింది.

"పైడయ్యా, రెండోది ఇవ్వు. ఉరుముతోంది" అన్నారు చక్రధరరావు గారు.

"ఒక బిళ్ళ ఉంది సార్."

"ఎవరిది?"

"ముప్పై ఒకటి."

ఆయన రిజిస్టరు చూశారు. తర్వాత నన్ను చూశారు.

మొదటి హూటర్ మళ్ళీ ఇచ్చాను, చాలాసేపు నొక్కి పట్టుకుని. వాకీటాకీలో సోమారు గొంతు, "ఇధర్ కోయీ నహీ దాదా." తన వైపు ఎవరూ లేరట. పోయి వెతుకుతానన్నాడు. ఎవరూ కదలకూడదని చక్రధరరావు గారు గట్టిగా చెప్పారు. చెప్పాలి కూడా, అది పద్ధతి. మూడోసారి ఇచ్చాను. నా జీవితంలో ఎన్ని వేలసార్లు ఆ బటన్ నొక్కానో, ఒక్కసారీ ఒక మనిషిని పేరు పెట్టి పిలిచినట్టు నొక్కలేదు. ఆ రోజు నొక్కాను. రా నాయనా అని నొక్కాను. ఉరుము దగ్గరికి వచ్చింది.

ఎనిమిదో నిమిషంలో మబ్బులోంచి వచ్చాడు. చేతిలో పానా అలాగే ఉంది. పరిగెత్తి రాలేదు, తడబడుతూ నడిచి వచ్చాడు. మొహం సున్నం కొట్టినట్టు ఉంది. బోర్డు ముందు నిలబడ్డాడు, కానీ వాడి చెయ్యి పైకి లేవలేదు. ఒకరి బిళ్ళ ఒకరు తీయకూడదని ఇరవై రెండేళ్ళు అందరికీ చెప్పినవాణ్ణి, లేచి వాడి బిళ్ళ తీసి వాడి అరచేతిలో పెట్టి వేళ్ళు మూశాను. తిరిగొచ్చి కూర్చుని రెండో హూటర్ ఇచ్చాను. కొండ అదిరింది. కింది బెంచి వైపు నుంచి రాళ్ళు షెల్టర్ కప్పు మీద టపటపా పడ్డాయి. వాడు ఆ చప్పుడు వింటూ కప్పుకేసి చూస్తున్నాడు.

పదిహేను రోజులు కొండ ఎక్కొద్దన్నారు వాణ్ణి. గేట్‌పాస్ తీసేయలేదు, అది చక్రధరరావు గారి మంచితనం.

షిఫ్టు బస్సులో కిందికి దిగేటప్పుడు వాడి పక్కన కూర్చున్నాను. ఘాట్ రోడ్డు మీద ఎర్రనీళ్ళు పారుతున్నాయి.

"రాయపూర్‌లో నాను సూసినాన్రా" అన్నాను.

"ఏటి సూసినావు?"

"హూటర్ ఏసినారు. నీ సేతులు దిగిపోనాయి."

"అప్పట్నించీ తెలుసా?"

"అప్పట్నించే."

"మరి సెప్పలేదేటి నాన్నా?"

"ఏ మొకం పెట్టుకుని సెప్పనురా? నా హూటరే గద అది."

అంతే, ఏడ్చాడు. రాయపూర్‌లో పడిపోయినప్పుడు ఏడవలేదు, ఇన్నాళ్ళూ ఏడవలేదు. బస్సునిండా మగవాళ్ళు, అందరూ కిటికీల్లోంచి వానని చూడటం మొదలుపెట్టారు. నేను వాడి వీపు మీద చెయ్యి వేసి ఉంచాను.

"ఇయ్యాల వద్దామనే అనుకున్నాను నాన్నా. వినబడింది. మూడుసార్లూ వినబడింది. సెయ్యి బోల్టు తిప్పుతానే ఉంది. నాది కాదన్నట్టు తిప్పుతానే ఉంది. అప్పుడు భయమేసింది."

నాకూ ఏడుపొచ్చింది కానీ, ఇద్దరం ఏడిస్తే బస్సు ఎవరు దిగుతారు? కళ్ళు తుడుచుకుని అడిగాను.

"కొండ మీద హూటర్ ఇంటే ఏటి సేస్తార్రా?"

"పని వదిలీస్తారు."

"వదిలీసి?"

"షెల్టర్‌కి వస్తారు."

"మరి రాయపూర్‌లో నువ్వు సగమే సేసినావు. వదిలినావు, అక్కడే నిలబడిపోనావు. సేతులు దిగడం తప్పు కాదురా. కాళ్ళు ఎనక్కి రాకపోడం తప్పు."

వాడు నా వైపు తిరిగాడు. ముక్కు తుడుచుకున్నాడు. బస్సు దిగాక వాన్లో రెండు అడుగులు వెనక్కి వేసి చూసుకున్నాడు.

ఆ పదిహేను రోజులూ మా పెరడే కమ్యూనిటీ హాలు. నేను ఫోనులో హూటర్ వేస్తాను. వాడు చేతులు వదిలేసి రెండడుగులు వెనక్కి వెయ్యాలి. ఆ క్షణంలోనే గురమ్మ తడి తువ్వాలుతో మొహం మీద కొట్టాలి. మొదటి రెండు రోజులు వాడి చేతులు దిగనే దిగలేదు. వాడికంటే నాకే చెమటలు పట్టాయి. మూడో రోజు దిగాయి, తువ్వాలు చెంప మీద చెళ్ళుమంది. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

"కొడుకుని కొట్టిస్తావు, పైగా నవ్వుతావు. నీకు మతిపోనాది" అంది గురమ్మ. కానీ తువ్వాలు బాగా విసిరేది. వారం తిరిగేసరికి తువ్వాలు గాల్లోనే తిరిగి ఆమెకే తగులుతోంది.

మళ్ళీ కొండ ఎక్కిన రోజు ఆ మేకు మీంచి కన్ను తీయలేదు. షెల్టర్‌కి వచ్చినవాళ్ళలో ఆ రోజు వాడు ఆరోవాడు. మర్నాడు నాలుగోవాడు. అయినా విశాఖపట్నం సంగతి నన్ను తినేస్తూనే ఉంది. అక్కడికి పోయి చేతులు దించకపోతే, కొండ మీద ఏం చేస్తాడు?

దసరా వెళ్ళిన ఆదివారం విశాఖపట్నం. ఈసారి ఎదుటివాడు గాజువాక కుర్రాడు, చెయ్యి తిరిగినవాడు. ఇక్కడ ఆఖరి రౌండు చివరే హూటర్ వేస్తారట. రాయపూర్ వీడియో చూసి వచ్చారు వాళ్ళు. ఎలా తెలిసిందంటే, మూడో రౌండు చివర వాడి కోచ్ జాలీకి ఆనుకుని, "ఆగరా, హూటర్ మోగనీ, అప్పుడెయ్" అని అరిచాడు. నా పక్కన చిన్నారావు తల పట్టుకున్నాడు. అప్పటికి లెక్క సమానంగా ఉందో, మేం కొంచెం వెనకబడ్డామో. నాకు అవేవీ పట్టలేదు. వాడి రెండు చేతులే చూస్తున్నాను.

హూటర్ మోగింది.

చేతులు దిగాయి. పానా కింద పెట్టేసినట్టు, అచ్చు అలాగే. గాజువాక కుర్రాడి కుడిచెయ్యి వచ్చేసింది. మావాడు అక్కడ లేడు. రెండడుగులు వెనక, జాలీ దగ్గర ఉన్నాడు. గుద్దు గాల్లో పోయి ఆ కుర్రాడు ముందుకి తూలాడు. మావాడు వాడి నడుము పట్టి పడేశాడు, ఈలోగా గంట కొట్టేశారు.

ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు గాజువాక కుర్రాడికి ఇచ్చారు. మళ్ళీ ఓడిపోయాం. చిన్నారావు కన్నీళ్ళు పెట్టుకున్నాడు. తాతబాబు కన్ను వాచిపోయి, పెదవి చిట్లి, బెంచీ మీద కూర్చుని నన్ను చూసి నవ్వాడు.

"దిగిపోనాయి నాన్నా."

"సూసినాను. దిగనీ" అన్నాను.

సోమవారం రైల్లో తిరిగొచ్చాం. మంగళవారం కొండ మీద మళ్ళీ మబ్బు. మూడింటికి మొదటి హూటర్ ఇచ్చి బోర్డుకేసి తిరిగాను. అందరికంటే ముందు మబ్బులోంచి వచ్చింది వాడే, వాచిన కన్నుతో, ఖాళీ చేతులతో. ముప్పై ఒకటో నంబరు బిళ్ళ తీసి జేబులో వేసుకున్నాడు. మిగతావాళ్ళు ఒక్కొక్కరే వచ్చి మేకులన్నీ ఖాళీ చేశారు. నేను వాణ్ణే చూస్తూ కూర్చున్నాను.

"ఏటి నాన్నా అలాగ సూస్తన్నావు? అందరూ వొచ్చీసినారు. రెండోది నొక్కు."

నొక్కాను.